భయానికీ, అద్భుతానికీ నిజరూపం ఇచ్చిన దర్శకుడు కె.వి.రెడ్డి

(జూలై 1 – కె.వి.రెడ్డి జయంతి సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

మాంత్రికుని గుహను ఎవరూ చూసి ఉండరు. రాక్షసుల ఆశ్రమం ఎలా ఉంటుందో, పాతాళంలో వెలసిన దేవత విగ్రహం ఎంత ఎత్తు ఉంటుందో చెప్పగలవారు లేరు. అయినప్పటికీ తెలుగు ప్రేక్షకులు ఈ స్థలాలన్నింటినీ తాము స్వయంగా తిరిగివచ్చిన ఊళ్ల వలె జ్ఞాపకం చేసుకుంటారు. లేని లోకాన్ని ఉన్నదిగా నమ్మించి, ఆ లోకంలో భయాన్నీ, అద్భుతాన్నీ, హాస్యాన్నీ సమపాళ్లలో పండించిన ఘనత దర్శకుడు కదిరి వెంకటరెడ్డికి దక్కుతుంది. కె.వి.రెడ్డిగా ప్రసిద్ధుడైన ఆయన 1912 జూలై 1న జన్మించి, 1972 సెప్టెంబరు 15న కన్నుమూశారు. అరవై సంవత్సరాల ఆ జీవితంలో ఆయన దర్శకత్వం వహించిన చిత్రాలు పదిహేనుకు మించవు. అయితే చలనచిత్రంలో దృశ్యస్థలం, వాస్తవికత అనే రెండు అంశాలపై ఆ కొద్ది చిత్రాలు నేర్పిన పాఠాలు నేటికీ అధ్యయన యోగ్యమైనవి.

తాడిపత్రి నుంచి మద్రాసుకు

కె.వి.రెడ్డి స్వస్థలం అనంతపురం జిల్లా తాడిపత్రి ప్రాంతం. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రంలో పట్టభద్రులయ్యారు. తదుపరి కాలంలో ఆయన చిత్రాలలో కనిపించిన కొలత, క్రమశిక్షణ, కార్యకారణ సంబంధాల పట్ల శ్రద్ధ ఈ శాస్త్ర విద్యతో చక్కగా పొసగుతాయి. బాల్యమిత్రుడు మూలా నారాయణస్వామి చలనచిత్ర రంగంలో పెట్టుబడి పెట్టడంతో ఆయన కూడా ఆ రంగంలో అడుగిడారు. తొలుత చేపట్టినది దర్శకత్వం కాదు. రోహిణి సంస్థలో నగదు లెక్కలు చూసే ఉద్యోగం. అనంతరం బి.ఎన్.రెడ్డి, మూలా నారాయణస్వామి ప్రభృతులు నెలకొల్పిన వాహినీ సంస్థలో ప్రొడక్షన్ మేనేజర్‌గా బాధ్యతలు నిర్వహించారు.

ఈ నేపథ్యం గమనింపదగినది. ఒక సెట్టు నిర్మాణానికి ఎంత కలప పడుతుందో, ఎన్ని రోజుల కూలి అవుతుందో, ఎన్ని అడుగుల ఫిలిం ఖర్చవుతుందో ఆయన లెక్కల పుస్తకంలోనే ముందుగా నేర్చుకున్నారు. తెరపై కనిపించని దాని కోసం ధనం వెచ్చించరాదన్న నియమం, తెరపై కనిపించే దాని విషయంలో వెనుకాడరాదన్న నియమం – రెండూ ఆయనకు ఆ రోజులలోనే అలవడినవని చెప్పవచ్చు.

భక్తి కథలలో నేలవిడవని చిత్రణ

ద్వితీయ ప్రపంచయుద్ధ కాలంలో నిర్మాణం జరుపుకొని 1943లో విడుదలైన ‘భక్త పోతన’ దర్శకునిగా ఆయనకు తొలిచిత్రం. చిత్తూరు నాగయ్య పోతన పాత్ర ధరించిన ఈ చిత్రం ఘనవిజయం సాధించింది. భక్తి చిత్రమనగానే మహిమలకే పెద్దపీట వేసే కాలమది. ఆ కథలో పోతన కవి మాత్రమే కాదు, కాడి పట్టిన రైతు కూడా. పొలం, ఇల్లు, కుటుంబం అనే నేలమీద కథ నిలిచినందువల్లనే అందులోని మహిమలు ప్రేక్షకునికి విశ్వసనీయంగా తోచాయి.

1947లో వచ్చిన ‘యోగి వేమన’ ఈ మార్గంలో మరొక ముందడుగు. భోగలాలసుడైన యువకుడు, తాను ప్రాణప్రదంగా చూసుకున్న అన్నకూతురు మరణించిన తరువాత విరాగిగా మారే క్రమాన్ని ఈ చిత్రం చూపుతుంది. మృత్యువును, శ్మశానాన్ని ఇంత నిరాడంబరంగా, ఇంత తీవ్రంగా చూపిన చిత్రం అప్పటికి తెలుగులో అరుదు. ఇక్కడ భయం కలిగించేది దయ్యమో, భూతమో కాదు. ప్రేమించిన శరీరం బూడిదగా మారుతుందన్న నిజం. విమర్శకుల ప్రశంసలు అందుకున్నప్పటికీ, ‘భక్త పోతన’ స్థాయిలో ఈ చిత్రానికి ఆర్థిక విజయం లభించలేదు.

1949 నాటి ‘గుణసుందరి కథ’తో ఆయన జానపదం వైపు మళ్లారు. షేక్స్‌పియర్ ‘కింగ్ లియర్’ ఛాయలున్న ఈ కథను పూర్తిగా తెలుగు నేలకు తెచ్చారు. రచయిత పింగళి నాగేంద్రరావు, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే ఈ చిత్రానికి పనిచేశారు. తెలుగు తెరపై అద్భుత లోకాలను నిర్మించిన బృందం ఇక్కడినుంచే రూపుదిద్దుకొన్నది.

పాతాళ భైరవి: భయానికి ఒక స్థలం

నాగిరెడ్డి, చక్రపాణిలు స్థాపించిన విజయా సంస్థ తొలిచిత్రం ‘షావుకారు’ 1950లో విడుదలైంది. ఎల్.వి.ప్రసాద్ దర్శకత్వంలో పల్లె జీవితాన్ని సహజంగా చూపిన ఆ చిత్రం మంచి పేరు తెచ్చినా, ఆశించిన ఆదాయం తేలేదు. రెండవ చిత్రంగా జానపదాన్ని ఎంచుకొని కె.వి.రెడ్డికి ఆ బాధ్యత అప్పగించారు. మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథలను, అల్లావుద్దీన్ కథను స్ఫూర్తిగా గైకొని రూపొందించిన ‘పాతాళ భైరవి’ 1951 మార్చి 15న విడుదలై అఖండ విజయాన్ని సాధించింది. 1952లో మన దేశంలో జరిగిన మొట్టమొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ఈ చిత్రం ప్రదర్శితమైంది.

కథాంశం మౌలికంగా భయానకమైనది. ఒక మాంత్రికుడు సాహసవంతుడైన యువకుని మాటలతో లోబరచుకొని, గుహలోని దేవతకు బలి ఇవ్వదలుస్తాడు. ఆ బలి ఫలితంగా లభించే ప్రతిమతో లోకాన్ని శాసించాలన్నది అతని ఆకాంక్ష. నేటి పరిభాషలో దీనిని హారర్ కథగా పరిగణించేందుకు అవసరమైన సామగ్రి అంతా ఇందులో ఉన్నది: నరబలి, గుహ, చచ్చి బ్రతికే ప్రతినాయకుడు, అపహరణకు గురైన రాకుమారి.

అయితే కె.వి.రెడ్డి ఈ కథను గుహలో ప్రారంభించలేదు. ముందుగా ఉజ్జయిని నగరాన్ని, అక్కడి తోటను, తోటమాలి కుటుంబాన్ని పరిచయం చేశారు. కథానాయకుడు తోట రాముడు రాజవంశంలో పుట్టినవాడు కాదు; కష్టపడి బ్రతికే తల్లికి కొడుకు. మాంత్రికుడు కూడా తొలుత నడివీధిలో, జనం నడుమ, తన విద్యలు ప్రదర్శించే గారడీవానిగా ఎదురవుతాడు. తిరునాళ్లలో అటువంటివారిని ప్రేక్షకులు ఎందరినో చూసి ఉన్నారు. పరిచితమైన వీధి నుంచి అపరిచితమైన గుహ వరకు దర్శకుడు ప్రేక్షకుని అంచెలంచెలుగా నడిపించుకొని వెళ్లారు. గుహ చేరే సమయానికి వెనుదిరిగే దారి గుర్తున్నది గనుకనే, అక్కడ చిక్కుకొనడం భీతి గొల్పుతుంది.

ఆ మాంత్రికుని పాత్రలో ఎస్.వి.రంగారావు చూపిన నటన మరొక విశేషం. అతనికి శిష్యునితో నిత్యం తగవులున్నాయి, విసుగున్నది, ఆశ ఉన్నది, గడ్డంపై మమకారం ఉన్నది. క్రూరుడైనప్పటికీ మనిషి. ఉజ్జ్వలమైన కళ్లు, విలక్షణమైన ఉచ్చారణ కలిసి ఆ పాత్రను తెలుగువారి నిత్యజీవితంలోకి తెచ్చాయి. కళా దర్శకులు మాధవపెద్ది గోఖలే, కళాధర్ నిర్మించిన గుహలో వెలుగు కన్న నీడకు ఎక్కువ చోటు దక్కింది. బార్ట్‌లే కెమెరా ఆ నీడలను పాత్రలుగా వాడుకొన్నది. నటుడు చిన్నవాడుగా, విగ్రహం మహోన్నతంగా కనిపించే ఆ దృశ్యాలలో భయానికి కారణం సంభాషణలో లేదు, స్థలంలోనే ఉన్నది.

భారతీయ రసశాస్త్రం ఈ సంగతిని ఏనాడో గుర్తించింది. రసాన్ని ప్రేరేపించే పరిసరాలను ఆలంకారికులు ఉద్దీపన విభావాలన్నారు. శూన్యగృహం, అరణ్యం, నక్కల కూతలు, గుడ్లగూబల అరుపులు భయానక రసానికి కారణాలుగా భరతుని నాట్యశాస్త్రంలో పేర్కొనబడినాయి. రంగస్థలంపై ఇవి ఎక్కువగా నటుని అభినయం ద్వారా స్ఫురించేవి. చలనచిత్రం వాటిని కళ్లెదుట నిలపవలసి వచ్చింది. నిలిపినది కృత్రిమమని తోచిన మరుక్షణం రసభంగమవుతుంది. భయం నవ్వుగా మారుతుంది. సెట్టు విషయంలో కె.వి.రెడ్డి వహించిన శ్రద్ధ వెనుక ఉన్నది ఈ ఎరుకే.

కాగితంపైనే పూర్తయ్యే చిత్రం

కె.వి.రెడ్డి పనితీరు చిత్రపరిశ్రమలో ఒక ప్రమాణంగా నిలిచింది. కథ, సంభాషణలు, చిత్రానువాదం సంపూర్ణంగా సిద్ధం కానిదే ఆయన చిత్రీకరణ ఆరంభించేవారు కాదు. ఒకసారి ఖరారైన మాటను చిత్రీకరణ సమయంలో మార్చేవారు కాదు. ప్రతి దృశ్యాన్నీ నటులతో సాధన చేయించి, స్టాప్‌వాచ్‌తో నిడివి లెక్కించి, ఆ తరువాతనే కెమెరా ముందుకు తెచ్చేవారు. విదేశాల నుంచి దిగుమతి చేసుకోవలసిన ముడి ఫిలిం విలువైన సరుకుగా ఉన్న ఆ రోజులలో ఈ పద్ధతి నిర్మాతకు ఎంతో మేలు చేసింది.

ఈ క్రమశిక్షణకు పొదుపు ఒక్కటే ప్రయోజనం కాదు. ట్రిక్ దృశ్యాలకు ఇది ప్రాణాధారం. ఆనాడు కంప్యూటర్ గ్రాఫిక్స్ లేవు. ఒకే ఫ్రేములో ఒక భాగాన్ని కప్పి రెండవ భాగాన్ని చిత్రించడం, ఫిలింను వెనుకకు తిప్పి మరల అదే ఫిలింపై చిత్రించడం, కెమెరాను ఆపి నటులను కదలకుండా నిలిపి వస్తువును మార్చడం వంటి పద్ధతులపైనే ఆధారపడవలసి ఉండేది. నటుడు ఒక అంగుళం కదిలినా, దీపం కాంతి కొద్దిగా మారినా అతుకు బయటపడుతుంది. దృశ్యంలోని ప్రతి క్షణం ముందుగానే నిర్ణయమై ఉంటే తప్ప ఇటువంటి పని సాధ్యం కాదు. 1961లో విడుదలైన ‘జగదేకవీరుని కథ’లో ఒకే నటుడు పలు రూపాలలో పలు వాద్యాలు వాయిస్తూ ఒకే దృశ్యంలో కనిపించే ఘట్టం ఈ సాధనకు పరాకాష్ఠ.

సమకాలీన సమాజానికి అద్దం

మాయలు, మంత్రాల చిత్రాల నడుమ కె.వి.రెడ్డి రెండు విశిష్టమైన సాంఘిక చిత్రాలు తీశారు. 1954లో వాహినీ పతాకంపై వచ్చిన ‘పెద్దమనుషులు’ నార్వే నాటకకర్త ఇబ్సెన్ రచన ‘పిల్లర్స్ ఆఫ్ సొసైటీ’ ప్రభావంతో రూపొందింది. డి.వి.నరసరాజు సంభాషణలు రచించారు. ఒక పట్టణ మునిసిపల్ ఛైర్మన్, అతని చుట్టూ చేరిన పెద్దలు ప్రజాసేవ ముసుగులో సాగించే అక్రమాలు ఇందులోని ఇతివృత్తం. వాస్తవాన్ని బాహాటంగా పలికే పాత్ర పిచ్చివానిగా ముద్రపడిన తిక్క శంకరయ్య ఒక్కడే. ఈ చిత్రం ఉత్తమ తెలుగు చిత్రంగా రాష్ట్రపతి రజత పతకం అందుకున్నది. ప్రజా పరిపాలనలో ఉన్నవారికి, ప్రజల పక్షాన ప్రశ్నించే పత్రికలకు నేటికీ ఈ చిత్రం చెప్పవలసినది ఉన్నది.

అన్నపూర్ణా సంస్థ తొలిచిత్రం ‘దొంగరాముడు’ 1955లో విడుదలైంది. దారిద్ర్యం ఒక బాలుని దొంగగా ఎలా మారుస్తుందో, చెల్లెలి పట్ల మమత అతనిని ఎలా నిలబెడుతుందో ఈ చిత్రం ఆద్యంతం సహజంగా చెబుతుంది. అద్భుత లోకాలను సృష్టించిన దర్శకునికి సామాన్యుని ఇల్లు, వీధి, కష్టం కూడా అంతే బాగా తెలుసునని ఈ రెండు చిత్రాలు నిరూపించాయి. నిజానికి సామాన్యుని ఇల్లు తెలియనివారు మాంత్రికుని గుహను నమ్మించలేరు.

మాయాబజార్: మాయలో తెలుగు ఇల్లు

1957 మార్చి 27న విడుదలైన ‘మాయాబజార్’ కె.వి.రెడ్డి ప్రతిభకు కీర్తిశిఖరం. కథ తెలుగువారికి కొత్తది కాదు. శశిరేఖా పరిణయ గాథ అప్పటికే చలనచిత్రంగా వచ్చింది. కడప జిల్లాలో 1885లో ఆవిర్భవించిన సురభి నాటక సమాజం వారు ఈ నాటకాన్ని యంత్ర తంత్రాలతో ఊరూరా ప్రదర్శించి ప్రేక్షకులను అలరించారు. అంటే మాయలు చూడడానికి అలవాటు పడిన ప్రేక్షకులను మరల మాయతో మెప్పించవలసిన కఠిన పరీక్ష దర్శకునికి ఎదురైంది.

ఆయన ఎంచుకున్న మార్గం మాయను పెంచడం కాదు, ఇంటిని కట్టడం. ద్వారకలోని బలరాముని భవనంలో జరిగేది సంపన్న తెలుగు కుటుంబంలో జరిగే పెళ్లి వ్యవహారమే. మాట తప్పే తండ్రి, ధనం చూసి మొగ్గే తల్లి, చిరునవ్వుతో చక్రం తిప్పే బాబాయి, బెంగపడే పిల్ల – వీరందరూ మన ఇళ్లలోనివారే. విడిదిలో మర్యాదల చర్చ, గోంగూర ప్రస్తావన సైతం తెలుగుదనాన్ని నింపుతాయి. పాండవుల కథే అయినప్పటికీ పాండవులు తెరపై ఎక్కడా కనిపించరు. ఆ లోటు ప్రేక్షకునికి స్ఫురించకపోవడం చిత్రానువాద నైపుణ్యానికి తార్కాణం.

ఘటోత్కచుని పాత్రలో మరల ఎస్.వి.రంగారావే నటించారు. ఆరేళ్ల క్రితం భయపెట్టిన నటుడే ఈసారి రాక్షస రూపంలో ఆత్మీయుడయ్యాడు. పళ్లెరాలు వాటంతటవే ఖాళీ కావడం, లడ్డూలు గాలిలో ఎగిరి నోట పడడం, శరీరం క్రమంగా పెరగడం – ఇవి భయం కలిగించదగిన సంఘటనలే. అయితే చుట్టూ ఉన్నది పెళ్లి వంటశాల గనుక అవి ఆనందదాయకమయ్యాయి. స్థలం మారితే రసం మారుతుందనడానికి ఇంతకు మించిన దృష్టాంతం లేదు. పెళ్లిపీటలపై మాయా శశిరేఖ వరుని బెదరగొట్టే ఘట్టం కూడా ఇటువంటిదే: అనుభవించే లక్ష్మణకుమారునికి భయం, చూసే ప్రేక్షకునికి హాస్యం.

ఘటోత్కచుడు శశిరేఖగా మారిన క్షణం వరకే కెమెరా పనితనం. ఆ తరువాత ఆ మాయను నిలిపినది నటి సావిత్రి. సుకుమారమైన యువతి దేహంలో రాక్షసుని నడక, చూపు, ధీమా చూపి ఆమె ప్రేక్షకుని నమ్మించారు. నౌకావిహార గీతంలోని వెన్నెల సైతం అటువంటి సృష్టే. బార్ట్‌లే స్టూడియో దీపాలతో సమకూర్చిన ఆ చంద్రకాంతి నిజమైన వెన్నెల కన్న నిజంగా తోచింది. శ్రీకృష్ణునిగా ఎన్.టి.రామారావును ఎంపిక చేయడంలోనూ దర్శకుని పట్టుదల కనిపిస్తుంది. 1956 నాటి ‘సొంతవూరు’ చిత్రంలో ఆ వేషం రాణించకపోయినా, కె.వి.రెడ్డి వెనుకడుగు వేయలేదు. ఆహార్యం, నడత విషయంలో తీసుకున్న జాగ్రత్తలతో ఆ రూపమే తెలుగువారి మనసులలో శ్రీకృష్ణునికి పర్యాయమైంది.

మారిన కాలం, ఒంటరి అయిన కళాకారుడు

1958లో ‘పెళ్లినాటి ప్రమాణాలు’, 1963లో ‘శ్రీకృష్ణార్జున యుద్ధం’ తరువాత కె.వి.రెడ్డికి ఎదురుగాలి వీచింది. 1965లో విడుదలైన ‘సత్య హరిశ్చంద్ర’ పరాజయం పాలైంది. కాటికాపరి కథను నమ్మకంగా చెప్పినా తెలుగు ప్రేక్షకులు ఆదరించలేదు. అదే సంస్థ కన్నడంలో హుణసూరు కృష్ణమూర్తి దర్శకత్వంలో నిర్మించిన హరిశ్చంద్ర చిత్రం మాత్రం విజయం సాధించింది. 1968లో వచ్చిన ‘భాగ్యచక్రం’, ‘ఉమా చండీ గౌరీ శంకరుల కథ’ సైతం నిరాశ కలిగించాయి.

కారణాలు పలు రకాలు. రంగుల చిత్రాల యుగం వచ్చింది. చిత్రీకరణ స్టూడియో గోడలు దాటి పొలాలకు, సముద్రతీరాలకు తరలింది. బార్ట్‌లేయే 1965లో మలయాళ చిత్రం ‘చెమ్మీన్’ కోసం కేరళ కడలిని, బెస్తపల్లెను కెమెరాలో బంధించారు. వాస్తవికత అనగానే వాస్తవ స్థలం అని భావించే రోజులు ప్రారంభమయ్యాయి. సెట్టులో నిజాన్ని నిర్మించే విద్యకు గిరాకీ తగ్గింది. కథ పూర్తిగా సిద్ధమయ్యేదాకా నిరీక్షించే ఓపిక సైతం పరిశ్రమలో సన్నగిల్లింది. పెద్ద విజయాలు అందించిన సంస్థలోనే ఆయనకు అవకాశాలు మూసుకుపోయాయి. ఆ దశలో ఎన్.టి.రామారావు ఆయనను మరువక ‘శ్రీకృష్ణసత్య’ చిత్ర దర్శకత్వ బాధ్యత అప్పగించారు. 1971లో విడుదలైన ఆ చిత్రం ఆయనకు ఊరటనిచ్చింది. మరుసటి సంవత్సరమే ఆయన అస్తమించారు.

పరిరక్షించుకోవలసిన వారసత్వం

కె.వి.రెడ్డి వద్ద శిష్యరికం చేసిన సింగీతం శ్రీనివాసరావు ‘పుష్పక విమానం’ (1987), ‘ఆదిత్య 369’ (1991), ‘భైరవద్వీపం’ (1994) చిత్రాల ద్వారా ఆ సంప్రదాయాన్ని కొత్త తరాలకు అందించారు. ‘మాయాబజార్’ 2010లో రంగులద్దుకొని మరల విడుదలై ప్రేక్షకాదరణ పొందింది. 2013లో సీఎన్ఎన్-ఐబీఎన్ ఛానల్ నిర్వహించిన ఆన్‌లైన్ పోలింగులో అత్యుత్తమ భారతీయ చిత్రంగా అత్యధిక ఓట్లు గడించింది.

ఈ గౌరవాల నడుమ ఒక వాస్తవాన్ని గుర్తుంచుకోవలసి ఉన్నది. ఆ గుహ, ఆ ద్వారక, ఆ వంటశాల చిత్రీకరణ ముగియగానే విప్పివేసిన కలప, గుడ్డ, ప్లాస్టర్ ముక్కలు. అవి నిలిచిన వడపళనిలోని విజయా-వాహినీ స్టూడియో ఆవరణలో తదుపరి కాలంలో ఆసుపత్రి, హోటలు, వాణిజ్య సముదాయం వెలిశాయి. శిలాశాసనాలకు, కోటలకు ఉన్న స్థిరత్వం సెట్టుకు లేదు. వాటికి మిగిలిన ఏకైక సాక్ష్యం ఫిలిం. ఆ ఫిలిం సైతం తేమకు, వేడికి, నిర్లక్ష్యానికి లోబడే పదార్థమే. 1964లో పుణేలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ ఏర్పడేనాటికే మన దేశంలో తొలితరం చిత్రాలు అనేకం కాలగర్భంలో కలిసిపోయాయి.

కాబట్టి కె.వి.రెడ్డికి అర్పించవలసిన నివాళి పూలమాలతో ముగియరాదు. పాత చిత్రాల నెగెటివ్‌లు, నిశ్చల చిత్రాలు, సెట్టుల నమూనా చిత్రాలు, చిత్రానువాద ప్రతులు ఎక్కడ ఉన్నా సేకరించి భద్రపరచవలసి ఉన్నది. గ్రంథాలయాలు, విశ్వవిద్యాలయాలు, నిర్మాణ సంస్థల వారసులు, పత్రికా కార్యాలయాలు తమ వద్దనున్న సామగ్రిని పట్టికలుగా రూపొందించినా ఎంతో మేలు కలుగుతుంది. చిత్రకళాదర్శకుల, ఛాయాగ్రాహకుల, వడ్రంగుల, లైట్‌మెన్‌ల శ్రమ తెర వెనుక ఉండిపోయినది. ఆ శ్రమను నమోదు చేసే కథనాలకు పత్రికలలో చోటు దక్కవలసి ఉన్నది.

లెక్కల పుస్తకంతో చిత్రరంగంలో ప్రవేశించి, స్టాప్‌వాచ్ చేతబట్టి అద్భుతాలను కొలిచిన దర్శకుడు కె.వి.రెడ్డి. నమ్మదగిన స్థలం లేనిదే భయమైనా, ఆనందమైనా నిలవదని ఆయన చిత్రాలు చాటుతున్నాయి. ఆ స్థలాలు నేలమీద లేవు. ఉన్న కొద్దిపాటి ఫిలింలో వాటిని కాపాడుకోవడం ఇక మన బాధ్యత.